పచ్చదీపాల కొట్టం

నమోదు 402. సోమవారం, పొద్దుటి పోటు.

ఈ పూట కూడా అన్ని దీపాలూ పచ్చగానే వెలిగాయి. సంతోషించాల్సిన మాటే. అయినా కంగారు తగ్గలేదు.

పందుల బాగోగులు చూసే క్షేమ మండలికి పంపే నమోదు వేరే ఉంది. అందులో దీపాల రంగు తప్ప ఇంకేమీ రాయనివ్వరు. ఇది నా కోసం నేను రాసుకునేది కాబట్టి నా కంగారంతా ఇందులో పడేస్తాను. నా పరిశోధనకు గైడైన లలితాంబ మేడమ్ నా మౌఖిక పరీక్ష ఖాయం చేశారు. అమావాస్య పోటు దిగాక, విశ్వవిద్యాలయంలో కాదు, ఇక్కడే, పందుల కొట్టంలోనే. బయటి పరీక్షకుడికి నా సిద్ధాంత గ్రంథంలో నాలుగో అధ్యాయం తెగ నచ్చిందట, నా పందుల్ని కళ్ళారా చూస్తానన్నారట. తెలిసిన మనిషి అడుగు పెట్టగానే పందులు నెమ్మదిస్తాయన్నది ఆ అధ్యాయం సారం. ఆ తెలిసిన మనిషిని నేనే.

రోజూ చేసే పనే చేశాను. ఏడుమెట్ల పట్నంలో అట్టడుగు మెట్టు మాది, సముద్రపు గోడకు ఆనుకుని ఉంటుంది. పై మెట్ల వంటిళ్ళ తొక్కలూ ఎంగిళ్ళూ గొట్టంలోంచి జారి మా తొట్టెలో పడతాయి. అప్పలసూరి మావయ్య వాటిని ఏరి, ఉడికించి, పందులకు పెడతాడు. నేను పసుపు రంగు వానకోటు తొడుక్కుని, మేలుకొలుపు కర్ర పట్టుకుని లోపలికి వెళతాను. కర్ర దగ్గరికి రాగానే పందుల మెడపట్టీలు వెచ్చబడి మేలుకుంటాయి. కాసేపు గొంతు వింటాయి, అడుగు తడబడుతోందేమో చూస్తాయి, ఆ తర్వాత దీపం వెలిగిస్తాయి. పచ్చ వెలిగితే ఆ పంది నెమ్మదిగా ఉన్నట్టు. దాని ఒంట్లోంచి తీసిన చిటికెడు కండతో పై మెట్ల తొట్టెల్లో బండెడు మాంసం పెరుగుతుంది. ఏ జీవినీ బాధపెట్టకుండా కూర తింటున్నామని ఈ పట్నానికి మహా గర్వం.

ఎర్ర వెలిగితే ఓదార్పు బండి వస్తుంది. నొప్పితో ఉన్న జంతువును ఒక్క పూట కూడా ఆ నొప్పితో ఉంచకూడదని నెమ్మది చట్టం. మందు వాడితే ఇక కండ పనికిరాదు కాబట్టి దానికి ఒకటే సూది, శాశ్వతంగా నిద్రపుచ్చేది. ఎర్ర వెలిగి చాలా కాలమైంది.

"నువ్వొచ్చీదాకా ఒకటే గోల పాపా," అన్నాడు మావయ్య, నా వెనకే నిలబడి. "నువ్వు కాలెట్టినావో లేదో, పంతుల్ని సూసిన గుంటల్లాగ గమ్మునైపోనాయి. నువ్వంటే పేనం ఈటికి."

తోటి పరిశోధకులంతా నన్ను పందులకు తవుడు పెట్టే తవిటమ్మ అని ఏడిపించినవాళ్ళే. ఈ మాట విన్నప్పుడు మాత్రం ఆ ఏడిపింపులన్నీ ఎగిరిపోతాయి. అంత హాయిగా ఉంటుంది.

నమోదు 404. బుధవారం, పోటు.

మేడమ్ మళ్ళీ కబురు పెట్టారు. నా పరీక్ష నెగ్గితే మండలి కొత్త నిబంధన తెస్తుందట. మిగతా కొట్టాల్లో కర్ర తిప్పేది వారానికి ఒక్కసారే. ఇకమీదట ప్రతి కొట్టంలోనూ రోజుకు రెండుసార్లు, ఒకే మనిషి, ఒకే కోటుతో తిప్పాలట. పందులకు హాయి కాబట్టి. నా పేరుతోనే ఆ నిబంధన వస్తుందట. ఇది వినగానే రెండు గోళ్ళు కొరికేశాను.

ఈ రోజే రెండు కొత్త పిల్లలు వచ్చాయి. పాలు మాని నాలుగు రోజులైనా కాలేదు, పట్టీలు ఇప్పుడే కట్టారు. మావయ్యకు అంకెలంటే పడదు, ఏ పందినీ దాని అంకెతో పిలవడు. బొద్దుగా ఉన్నదానికి ఆవడ అని పేరు పెట్టాడు. నల్లగా, కొంచెం వంకరగా ఉన్నది జీడిగింజ. కొట్టానికి పెద్ద ముత్తయిదువ బుగతమ్మ. దాని పిల్లతనంలో మావయ్య ఇంట్లో పొయ్యి పక్కనే పడుకునేదట. ఇప్పుడు అది లేస్తే మిగతావన్నీ లేస్తాయి, అది తిన్నాకే మిగతావి మూతి పెడతాయి.

నేను కర్రతో వెళ్ళగానే పిల్లలు రెండూ కీచుమన్నాయి. మెడ దగ్గర ఆ వేడి కొత్త కదా. పచ్చ కాస్తా పసుపుకు తిరిగింది. అప్పుడు బుగతమ్మ లేచి వచ్చింది. తన బొజ్జను జీడిగింజ మూతికి ఆనించి, దాన్ని గోడకు నొక్కి పట్టింది. అరుపు ఆగింది. పచ్చ వెలిగింది.

నేను ఎగిరి గంతేశాను. ఓదార్చడం! పెద్ద పంది పరాయి పిల్లను ఓదార్చడం! ఇది ఐదో అధ్యాయం కాకపోతే నా పేరు తవిటమ్మే కాదు.

నమోదు 406. శుక్రవారం, పోటు.

ఆవడ నేర్చుకోలేదు.

నేర్చుకోలేదు అని ఎందుకు రాశానో నాకే తెలియదు. ఓదార్పు అందలేదు అని కదా రాయాలి. కొట్టేయకుండా అలాగే ఉంచుతున్నాను.

నేను వెళ్ళేసరికి బుగతమ్మ జీడిగింజను నొక్కి పట్టుకుని ఉంది. ఆవడ అటు మూల విడిగా ఉండిపోయింది. కర్ర దగ్గరికి వచ్చేసరికి గొంతు చించుకుని అరిచింది. బుగతమ్మ దాని వైపు రెండు అడుగులు వేసింది, కానీ ఈలోగా జీడిగింజ మూతి బయటికి వచ్చి కుయ్యిమంది. ముసలిది ఆగింది. అటు చూసింది, ఇటు చూసింది. మళ్ళీ జీడిగింజ దగ్గరికే వెళ్ళింది.

ఆవడ దీపం ఎర్రగా వెలిగింది.

బండి మధ్యాహ్నం భోజనాల వేళకే వచ్చింది. తెల్ల బూట్లవాళ్ళు ఇద్దరు దాన్ని సంచీలో ఎత్తుకుపోయారు. నిజానికి దానికి ఏ దెబ్బా లేదు, ఏ జబ్బూ లేదు. భయపడింది, అంతే. "పసిది, అలవాటు పడుతుంది, ఒక్క వారం ఆగండి" అన్నాను. "దీపం అలా అనట్లేదు కదండీ" అన్నాడు అందులో ఒకడు, మర్యాదగానే.

మిగతా పందులన్నీ గోడ వైపు తిరిగి నిలబడ్డాయి. బుగతమ్మ ఒక్కటే ఇటు తిరిగి ఉంది. అది బండిని చూడలేదు. సంచీనీ చూడలేదు. నన్ను చూసింది. బండి వెళ్ళిపోయాక కూడా నన్నే చూస్తూ ఉంది. తెలిసిన మనిషి కాబట్టి ధైర్యం కోసం చూస్తోందని మండలి నమోదులో రాద్దామనుకున్నాను. రాయలేదు.

నమోదు 407. శనివారం, ఆటు.

తప్పు చూశానేమో. అదే అనుకుంటున్నాను పొద్దుట్నుంచీ.

తలుపుకు కొత్త గొళ్ళెం వేస్తున్నారు, పాతదాన్ని ఉప్పుగాలి తినేసింది. గొళ్ళెం ఊడిన చోట అరచేయంత సందు ఉంది. లోపలికి వెళ్ళేముందు ఊరికే అందులోంచి చూశాను. బుగతమ్మ మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది. ఎడమ ముందు కాలు గాల్లో ఉంది. గిట్టల మధ్య ఎర్రగా చీలి ఉంది. పోటు నీళ్ళలో నానీ నానీ అయిన పుండు. సన్నగా మూలుగుతోంది. మిగతావి దాని చుట్టూ చేరి ఏవో మాట్లాడుకుంటున్నట్టే ఉన్నాయి, ఒకటి దాని చెవి నాకుతోంది.

తలుపు తీశాను. లోపలికి వెళ్ళాను.

బుగతమ్మ నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంది. నడిచింది కూడా. నా ముందు నుంచి తొట్టె దాకా, తొట్టె నుంచి గోడ దాకా, నిటారుగా, పెళ్ళికి వచ్చిన పెద్దావిడలాగా నడిచింది. పచ్చదీపం వెలిగింది.

తప్పు చూశానేమో. సందులోంచి చూసినప్పుడు వెలుతురు సరిగ్గా ఉండదు.

నమోదు 408. ఆదివారం, ఆటు.

పై మెట్టుకు ఎక్కి మేడమ్ ఇంటికి వెళ్ళాను. ఆవిడ భోజనం ముగించి చేతులు కడుక్కుంటున్నారు. ఈ పట్టీలూ దీపాలూ ఆవిడ బుర్రలోంచి పుట్టినవే. అంతకు ముందు కొట్టాల్లో పందుల్ని ఇనుప చట్రాల్లో బిగించి పెంచేవాళ్ళట. ఆ చట్రాలన్నీ ఊడబీకించిన మనిషి ఆవిడ. అందుకే నోరు తెరవడానికి నాకు అంత సేపు పట్టింది.

"మేడమ్, ఊహకే అడుగుతున్నాను. ఒక పంది నొప్పిని దాచుకుంటే?"

"నొప్పి ఉంటే దీపం చెబుతుంది తవిటమ్మా."

"దీపానికి కూడా తెలియకుండా దాచుకుంటే?"

ఆవిడ తువాలు తీసుకుని ఒక్కో వేలూ తుడుచుకున్నారు. "ఎందుకు దాచుకుంటుంది? మనం దాన్ని ఏం చేస్తున్నాం?"

నేను తడి తువాలు అందుకుని దండెం మీద వేశాను.

"పరీక్ష ముందు అందరికీ ఇలాంటి దెయ్యాలే కనబడతాయి," అన్నారు. గొంతులో ప్రేమ ఉంది, అదే నన్ను ఇంకా భయపెట్టింది. "సరే, నీ ఊహే నిజమనుకో. కొట్టమంతా నొప్పి దాచుకుంటోందని తేలిందనుకో. అప్పుడు చట్టం ఏం చెబుతుంది?"

"నొప్పితో ఉన్న జంతువును ఒక్క పూట కూడా..."

"అంతే కదా. మొత్తం కొట్టానికి బండి వస్తుంది. ఆ పందుల మీద ప్రేమ ఉంటే ఇలాంటి ఊహలు పెట్టుకోకు. వెళ్ళి నిద్రపో."

మెట్లు దిగుతూ లెక్క వేసుకున్నాను. చెబితే చస్తాయి. చెప్పకపోతే నొప్పితో బతుకుతాయి, పైగా రోజుకు రెండుసార్లు, అన్ని మెట్ల మీదా, నా పేరున.

నమోదు 410. మంగళవారం, పోటు తగ్గుముఖం.

మావయ్యకు చెప్పేశాను. నమ్మలేదు. "బుగతమ్మకి కాలు నొప్పని నాకూ తెలుసు. నానెల్తే మూలుగుతాది. నువ్వొస్తే నిన్ను సూసిన సంబరంలో నొప్పి మర్సిపోతాది. మనుసులం మనం మర్సిపోమా?" అన్నాడు.

అది కూడా నిజమయ్యే వీలుంది కదా. ఆ మాట పట్టుకుని వేలాడాను. పరీక్షించి చూద్దామన్నాను.

కోటు ఇంట్లోనే వదిలేశాను. కర్ర తాళం వేసి పెట్టాను. ఒంటికి మావయ్య పాత చొక్కా చుట్టుకున్నాను. మావయ్య వేడినీళ్ళు, వేపనూనె పట్టుకుని ఒక్కడే లోపలికి వెళ్ళాడు. మందు వాడకూడదు, నూనె మందు కిందికి రాదని మాకు మేమే సర్ది చెప్పుకున్నాం. నేను గోడ ఇవతల నిలబడ్డాను.

అతను పుండు ముట్టుకోగానే బుగతమ్మ అరిచింది. అలాంటి అరుపు నేను ఈ కొట్టంలో ఎప్పుడూ వినలేదు. రేకులు అదిరాయి. మావయ్య "అయిపోనాది తల్లీ, అయిపోనాది" అంటూనే ఉన్నాడు.

నేను తలుపు తీశాను.

అరుపు మధ్యలో ఆగిపోయింది. నోరు ఇంకా తెరిచే ఉంది. డొక్కలు ఎగిరిపడుతూనే ఉన్నాయి. శబ్దం మాత్రం లేదు. మావయ్య చేతిలోంచి కాలు లాక్కుని, ఆ పుండు మీదే నేల మీద ఆనించి, నా వైపు తిరిగి నిలబడింది. కొట్టంలో ఒక్క పందీ కిక్కురుమనలేదు.

తలుపు వేశాను. చాలా సేపటికి మూలుగు మొదలైంది. మళ్ళీ తీశాను. ఆగిపోయింది.

మూడోసారి తీయలేకపోయాను. మూడుసార్లు చూడనిదాన్ని ఫలితం అనకూడదని చిన్న తరగతులవాళ్ళకు పాఠం చెప్పినదాన్ని నేనే. అయినా తీయలేకపోయాను.

అక్కడే కూర్చుని ఏడ్చాను. ఇన్నేళ్ళూ వాటికి నేనంటే ప్రాణం అనుకున్నాను. నేను అడుగు పెడితే ప్రాణం పోతుందని వాటికి తెలుసు. కర్ర వస్తుంది, మెడ వెచ్చబడుతుంది, అప్పుడు ఎవరి నోరు లేస్తే వాళ్ళు సంచీలో వెళ్ళిపోతారు. ఇది వాటికి ఎవరూ చెప్పలేదు. చూసి కనిపెట్టుకున్నాయి, ఒకదానికొకటి నేర్పుకున్నాయి. పందుల సామాజిక తెలివి గురించి ఇంతకంటే గొప్ప రుజువు ఏ దేశంలోనూ ఎవరికీ దొరికి ఉండదు. నేను దానికి హాయి అని పేరు పెట్టి నలభై పేజీలు రాశాను.

మావయ్య బయటికి వచ్చి నా పక్కనే చతికిలబడ్డాడు. ముఖం నల్లబడిపోయింది.

"నానూ అదే అనుకున్నాను గదా పాపా, పేమనీ," అన్నాడు. చేతికంటిన నూనె పంచెకు తుడుచుకుని, "సెప్పమాక. ఆలకి సెప్తే దీన్ని అట్టుకెల్లిపోతారు. నా సేత్తో పాలు పట్టి పెంచినాను దీన్ని. కుంటుకుంటూనైనా ఉండనీ" అన్నాడు.

చెప్పనని మాట ఇచ్చాను.

నమోదు 414. శనివారం, ఆటు. పరీక్ష రోజు.

అన్నీ వరసగా రాయాలి, లేకపోతే మర్చిపోతానేమోనని భయంగా ఉంది.

పొద్దున్నే మేడమ్, బయటి పరీక్షకుడు వచ్చారు. ఆయన పెద్దాయన, మెత్తటి మనిషి, బూట్లకు పేడ అంటుకున్నా పట్టించుకోలేదు. నేను కోటు తొడుక్కుని కర్ర తిప్పాను. అన్నీ పచ్చ. జీడిగింజ కూడా పచ్చే, దానికి ఎవరి బొజ్జా అడ్డం పెట్టాల్సిన పని లేకుండానే. వారంలో పాఠం వంటబట్టింది.

ఆయన అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పాను. గొంతు వణకలేదు. నొప్పి దాచుకోవడం నాకు కూడా బాగానే వచ్చేసింది.

ఇక అయిపోయిందనుకుంటుండగా ఆయన అన్నారు, "అమ్మా, ఆ నాలుగో అధ్యాయం ఒక్కసారి కళ్ళతో చూడాలనుంది. నువ్వు బయటికి వెళ్ళి కాసేపాగి రా. మేం ముగ్గురం ఇక్కడే ఉంటాం."

మావయ్య నా వైపు చూశాడు. వెళ్ళక తప్పలేదు. గోడ ఇవతల నిలబడి విన్నాను. ముందు గురగుర, తర్వాత తొట్టె దగ్గర తోపులాట, ఆ తర్వాత బుగతమ్మ మూలుగు. కొత్తవాళ్ళ దగ్గర దానికి భయం లేదు. వాళ్ళ చేతిలో కర్ర లేదు.

"ఇది కుంటుతోందే!" అన్నారు ఆయన లోపల.

తలుపు తీశాను. మూలుగు ఆగింది. బుగతమ్మ పుండు కాలు నేల మీద పెట్టి నిలబడింది. మిగతావి కూడా ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అద్భుతం," అన్నారు. "చూశారా లలితాంబ గారూ? ఈ అమ్మాయిని చూడగానే నొప్పి కూడా మర్చిపోయింది! ఈ నిబంధన రేపే రావాలండీ, అన్ని కొట్టాలకూ రావాలి."

ఊరుకుంటే అయిపోయేది. మాట కూడా ఇచ్చాను. కానీ ఆ పుండు మీద పడుతున్న బరువు నాకు కనిపిస్తోంది. అది నేనక్కడ ఉన్నంత సేపూ కాలు ఎత్తదు.

"అది మర్చిపోలేదు సార్," అన్నాను. "నన్ను చూసి భయపడింది."

ఆ తర్వాత నోరు ఆగలేదు. ఆవడ గురించి చెప్పాను. బొజ్జతో మూతి నొక్కడం గురించి, తలుపు తీసిన రెండుసార్ల గురించి చెప్పాను. నాలుగో అధ్యాయం అబద్ధమన్నాను. చెబుతున్నంత సేపూ వెనక్కి వెనక్కి జరుగుతూ తలుపు దాకా వచ్చేశాను. నేను గడప దాటాక బుగతమ్మ కాలు ఎత్తింది. అది వాళ్ళు కూడా చూశారు.

పెద్దాయన ముఖం పాలిపోయింది. "అయితే ఈ పందులన్నీ నొప్పితో ఉన్నాయంటావా?"

మావయ్య రెండు చేతులూ జోడించాడు, నాకో ఆయనకో తెలియదు. అవును అంటే సాయంత్రానికి బండి వస్తుంది. కాదు అంటే నేను ఇప్పటిదాకా చెప్పింది ఏమిటి?

"తెలియదు సార్," అన్నాను. "నాకు తెలియదు, మీకూ తెలియదు, దీపానికి అసలే తెలియదు. కర్ర తిరిగిన ఏ కొట్టంలోనూ పచ్చదీపానికి అర్థం లేదు. ఎర్రదీపానికీ లేదు. ఎర్ర వెలిగిందంటే ఆ పందికి నొప్పి ఉందని కాదు, దాచుకోవడం ఇంకా రాలేదని. మేం ఇన్నాళ్ళూ సూది వేసింది పసివాటికీ, అమాయకమైనవాటికీ. ఇదే నేను సమర్పించేది. ఇంకేం లేదు."

మేడమ్ గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆవిడ అలా ఆనుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఇనుప చట్రాలు ఊడబీకించిన మనిషి, వాటి స్థానంలో తను కట్టిన పట్టీలనే ఒక్కొక్కటీ చూస్తూ ఉండిపోయారు. నా మీద అరుస్తారని ఎదురుచూశాను.

"దీపం సాక్ష్యం లేకుండా బండి కదలదు," అన్నారు చివరికి, పెద్దాయనతో. "చట్టంలో ఆ ముక్క నేనే పట్టుబట్టి రాయించాను. రాసుకోండి. ఈ దీపం చెల్లదు. దాన్ని తయారుచేసినదాన్ని, నేను చెబుతున్నాను."

"మీకు తెలుస్తోందా ఏమంటున్నారో?" అన్నారాయన.

"రాసుకోండి," అన్నారు ఆవిడ మళ్ళీ.

నమోదు 423. సోమవారం, పోటు.

నా సిద్ధాంత గ్రంథం తిరస్కరించారు. ఉన్న నాలుగు అధ్యాయాల్లో ఒకటి అబద్ధమని రాసినామె స్వయంగా చెప్పాక ఇంకేం చేస్తారు పాపం. బాధగా ఉంది. కాదని ఎందుకు అనాలి, చాలా బాధగా ఉంది.

బండ్లు ఆగాయి, అన్ని మెట్ల మీదా. పట్టీలు విప్పేస్తున్నారు. మాంసం తొట్టెలు కూడా ఆగాయి. నెమ్మదిగా ఉందని రుజువు లేని పంది కండ వాడకూడదు కదా. పై మెట్లవాళ్ళకు మా మీద పీకలదాకా కోపం ఉంది. గొట్టంలోంచి తొక్కలతో పాటు బూడిద పోస్తున్నారు, తిట్లు కూడా వినిపిస్తున్నాయి. "కూరలోకి ముక్క లేకుండా చేసింది పందుల తవిటమ్మ" అని పిల్లలు పాట కట్టారట. మండలి మనసు మార్చుకుని ఇంకో దీపం తెస్తుందేమో, రేపు పొద్దున్నే బండి వచ్చి నిలబడుతుందేమో అని తెల్లవారేసరికి మెలకువ వచ్చేస్తోంది. ఈ భయం ఇప్పట్లో పోయేలా లేదు.

మేడమ్ నాతో మాట్లాడటం లేదు. కానీ పశువుల డాక్టరును పంపారు. ఎవరు పంపారో చెప్పొద్దని ఆయనకు చెప్పారట, ఆయన రాగానే చెప్పేశాడు.

నేను లోపలికి వెళ్ళడం మానేశాను.

నమోదు 451. సోమవారం, ఆటు.

కోటు తగలబెట్టాను. కర్ర మండలికి తిరిగి ఇచ్చేశాను. రోజూ గోడ ఇవతల బల్ల మీద కూర్చుంటున్నాను. మొదట్లో కనబడకుండా కూర్చునేదాన్ని. తర్వాత తల కనబడేలా. ఈ వారం నుంచి సగం గోడ మీద చేతులు ఆనించి నిలబడుతున్నాను. నేను నిలబడగానే అన్నీ నోరు మూసుకుంటాయి. నేను కూర్చునేదాకా మూసుకునే ఉంటాయి. బుగతమ్మ కాలు మానుతోందని డాక్టరు చెబితేనే నాకు తెలుస్తోంది.

ఈ రోజు డాక్టరు జీడిగింజ గిట్ట శుభ్రం చేశాడు. దానికి కూడా చిన్న చీలిక వచ్చింది. మావయ్య దాన్ని ఒళ్ళో పట్టుకున్నాడు. నేను గోడ దగ్గర నిలబడే ఉన్నాను, కూర్చుందామనుకుంటూనే ఆలస్యం చేశాను. అది నన్ను చూసింది. డాక్టరు దూదితో పుండు నొక్కాడు.

జీడిగింజ నన్నే చూస్తూ గొంతు చించుకుని అరిచింది.

బుగతమ్మ లేచింది. ఏం చేస్తుందో నాకు తెలుసు, ఎన్నిసార్లు చూశానో. మెల్లగా నడిచి వచ్చింది, ఎడమ కాలు కొంచెం తేలుస్తూ. జీడిగింజ పక్కకు చేరింది. బొజ్జ దాని మూతికి దగ్గరగా వచ్చింది. మావయ్య చేయి కదపలేదు.

ముసలిది తల ఎత్తి నన్ను చూసింది. చాలా సేపు చూసింది. నేను కూడా కదలలేదు.

తర్వాత దాని పక్కనే కూలబడి, దాని చెవి నాకడం మొదలుపెట్టింది. జీడిగింజ నా ముందే అరుస్తూ ఉంది. బుగతమ్మ దాన్ని అరవనిచ్చింది.